గోడ మీది మచ్చను గోకుతాం, కుండీలోని గొడుగును వదిలేస్తాం

మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడేసరికి హనుమకొండ కాలనీల్లో ఏటా రెండు దృశ్యాలు కనిపిస్తాయి. ప్రహరీ గోడల మీద, మామిడి మొదళ్ల మీద తేలిన బూడిదరంగు మచ్చలను కొందరు యాసిడ్ పోసి, ఇనుప బ్రష్షుతో గోకి తీసేస్తుంటారు. అదే పెరట్లో రాత్రికి రాత్రి లేచిన తెల్లటి పుట్టగొడుగులను మాత్రం ‘రెండు రోజుల్లో అవే వాడిపోతాయిలే’ అని వదిలేస్తుంటారు. ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచుకునేవారు చేయవలసింది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుందని నా అభిప్రాయం.

గోడ మీది మచ్చను మనవైపు నాచు అనో పాచి అనో అంటారు గాని అది ఆ రెండూ కాదు. ఒక శిలీంధ్రం, దాని పోగుల నడుమ ఆశ్రయం పొందిన శైవలం కలిసి ఒకే దేహంగా బతికే ఈ జీవిని లైకెన్ అంటారు. 1860ల చివర్లో స్విట్జర్లాండ్‌కు చెందిన సైమన్ ష్వెండెనర్ ఈ సంగతి చెప్పినప్పుడు లైకెన్లను చదివిన పండితులే నమ్మలేదు. దానికి వేర్లు లేవు, చెట్టు రసాన్ని అది పీల్చదు, బెరడును కేవలం పట్టుకొమ్మగా వాడుకుంటుంది. నీరసించిన చెట్టుకు ఆకులు పలచబడి కొమ్మల మీద వెలుతురు పడుతుంది కాబట్టి అక్కడ అది ఎక్కువగా కనిపిస్తుంది, చెట్టు నీరసించడానికి అది కారణం కాదు. చాలా రకాలు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లకు మించి పెరగవు గనుక మనం పది నిమిషాల్లో గోకిపారేసే అరచేయంత మచ్చ వెనుక ఎన్నో వానాకాలాలు ఉంటాయి. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. ఆ బిర్యానీ మిగిలితే కుక్కకు పెట్టకూడదన్నది నిజమే గాని, అందుకు కారణం రాతిపువ్వు కాదు, అందులోని ఉల్లిగడ్డలు, ఎముకలు.

విషపు లైకెన్లు అసలే లేవని కాదు. స్కాండినేవియాలో పసుపుపచ్చని ఒక లైకెన్‌ను తోడేళ్లను చంపే ఎరలో కలిపేవారు. అమెరికాలోని వయోమింగ్‌లో 2004 చలికాలంలో నేలమీది లైకెన్‌ను మేసి వందలాది ఎల్క్ దుప్పులు కాళ్లు పడిపోయి చనిపోయాయి. అయితే అవి దాన్నే కడుపునిండా తిన్నాయి. మన పెరట్లోని కుక్క గోడను రెండుసార్లు నాకడాన్ని దానితో పోల్చలేం. నిజానికి ఆ మచ్చను పోగొట్టడానికి మనం వాడే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్, మైలుతుత్తం కలిపిన పూతలే జంతువుకు ఎక్కువ కీడు చేస్తాయి. అవి తడినేల మీదికి కారతాయి, అక్కడి నుంచి పాదాలకు అంటుతాయి. పాదాలు నాకి శుభ్రం చేసుకోవడం పిల్లికి దినచర్య.

ఇక గొడుగుల విషయానికి వస్తే మన భాషలోనే ఒక హెచ్చరిక ఉంది. చెదపుట్టల మీద మొలిచే వాటిని తెలంగాణ పల్లెల్లో పుట్టకొక్కులని అపురూపంగా ఏరుకొచ్చి కూర వండుతారు. తినడానికి పనికిరాని వాటికి పెద్దలు కుక్కగొడుగులని వేరే పేరే పెట్టారు. ఆ ఏరుకునేవారి తెలివి పుట్టతో, నేలతో, రుతువుతో ముడిపడినది. కాలనీ లాన్‌కు, నర్సరీ నుంచి కొబ్బరిపొట్టుతో వచ్చిన కుండీకి ఆ తెలివి పనిచేయదు. ‘కుక్కకు వాసన తెలుస్తుంది, విషమైతే ముట్టదు’ అన్న నమ్మకం ఇంకా ప్రమాదకరమైనది, ఎందుకంటే కొన్ని విషపు గొడుగులకు ఉండే చేపల వంటి నీచువాసనే కుక్కను వాటి దగ్గరికి రప్పిస్తుంది. నత్తలు కొరికిన గుర్తులున్నాయి కాబట్టి మంచిదేనన్న వాదన కూడా నిలవదు, నత్తకు పడినది కుక్కకు పడాలనేమీ లేదు.

వానాకాలంలో లాన్లలో తరచుగా కనిపించే ఒక రకాన్ని దగ్గరగా చూడండి. మొదట కోడిగుడ్డులా గుండ్రంగా లేచి, మర్నాటికి పళ్లెమంత వెడల్పుగా విచ్చుకుంటుంది. తెల్లటి టోపీ నడుమ గోధుమరంగు పొలుసులు, కాడకు వదులైన ఉంగరం ఉంటాయి. టోపీ కింద మడతల్లా ఉండే మొప్పలు లేతగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. దీని శాస్త్రీయ నామం క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. టోపీని తెల్లకాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచితే తెల్లవారేసరికి కాగితం మీద పచ్చటి పొడి రాలి ఉంటుంది. గొడుగుకు విత్తుల వంటి సిద్ధబీజాలే ఆ పొడి, వాటి రంగే దీనికి గట్టి ఆనవాలు. దీన్ని తిన్న మనిషికైనా కుక్కకైనా కొద్ది గంటల్లోనే తీవ్రమైన వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కుండీల్లో మొలిచే నిమ్మపసుపు రంగు సన్నగొడుగు ఇంతకంటే చిన్నది, చూడముచ్చటైనది, కాని అదీ కడుపును పాడుచేస్తుంది.

వెంటనే వాంతులు తెప్పించే రకాల కంటే ఆలస్యంగా బయటపడే రకాలను చూసి ఎక్కువ భయపడాలి. గడ్డిలో మొలిచే లెపియోటా అనే జాతి చిన్న గొడుగుల్లో కొన్నింటిలో అమాటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది ఉడికించినా చావదు. తిన్న ఆరు గంటల తర్వాతగాని లక్షణాలు మొదలుకావు. వాంతులు, విరేచనాలు తగ్గి జంతువు కోలుకున్నట్లు కనిపించే వేళకే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. అందుకే ‘కక్కేసింది, ఇక ఫర్వాలేదు’ అని కూర్చోవడం సరికాదు.

ఈ మాటలన్నీ నేను చదివి మాత్రమే చెప్పడం లేదు. ఒక భాద్రపదంలో మా కుక్క క్రోటన్ కుండీలోని గొడుగును సగం కొరికేసింది. గంట గడవకముందే దాని నోటి నుంచి తీగలుగా చొంగ కారింది, కళ్లు నీళ్లు పెట్టాయి, వెనక కాళ్లు తడబడ్డాయి. పక్కింటి పెద్దాయన ఉప్పునీళ్లు తాగించమన్నారు, తాగించాం. అది మేము చేసిన మొదటి తప్పు, ఎందుకంటే ఉప్పు ఎక్కువైతే అదే మరో విషమవుతుంది. మిగిలిన సగం గొడుగును అసహ్యంతో మోరీలో పారేశాం, అది రెండోది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఏం తిన్నదని కాదు, గులాబీ కుండీల్లో గుళికల మందు వేశారా అని. వేశాం. మస్కరీన్ అనే విషమున్న గొడుగు తిన్నా, కొన్ని పురుగుమందుల గుళికలు నాకినా చొంగ, కన్నీరు, విరేచనాలు ఒకే తీరుగా వస్తాయని, రెండింటికీ అట్రోపిన్ ఇంజెక్షనే ఇస్తారని అప్పుడు తెలిసింది. కుక్క బతికింది. దాన్ని పడగొట్టింది గొడుగో గుళికలో ఇప్పటికీ చెప్పలేను.

గొడుగులు మొలిచిన చోట మందు కొట్టడం దాదాపు వృథా. పైకి కనిపించేది కాయ వంటిది మాత్రమే, అసలు శిలీంధ్రజాలం నేలలోని పాత వేరునో కుళ్లిన కర్రనో అల్లుకొని ఉంటుంది. మనం కొట్టిన మందు దాన్ని చేరే లోపు కుక్క నాలుకను చేరుతుంది. పొద్దున కుక్కను పెరట్లోకి వదలకముందే ఒక చుట్టు తిరిగి, లేచినవాటిని మొదలంటా పీకి మూతపెట్టిన చెత్తబుట్టలో వేయడం చాలు, అదైనా వానలున్నన్నాళ్లూ రోజూ చేయాలి. ఎరువుగుంటకు కంచె కూడా అవసరమే, అందులో పడేసిన బూజుపట్టిన రొట్టె, అన్నం తిన్న కుక్కలకు వణుకు, మూర్ఛ వస్తాయి. తిన్నట్లు అనుమానం వస్తే మిగిలిన ముక్కను కాడ మొదలుతో సహా కాగితంలో చుట్టి పట్టుకెళ్లాలి. ప్లాస్టిక్ కవర్లో అది చెమర్చి, డాక్టరు చూసేసరికి గుర్తుపట్టలేనంతగా కుళ్లిపోతుంది.

పశువైద్య విశ్వవిద్యాలయానికి మామునూరులో, కోరుట్లలో కళాశాలలున్నాయి. ఈ జిల్లాల పెరళ్లలో మొలిచే రకాల ఫొటోలతో, మొప్పల రంగు, సిద్ధబీజాల రంగు చూపిస్తూ తెలుగులో ఒక పెద్ద కాగితం అచ్చువేయడం వాటికి కష్టమైన పని కాదు. జూన్ మొదటివారంలోగా అది కుక్కలకు టీకాలు వేసే ప్రతి ఆస్పత్రి గోడకూ, కుండీలు అమ్మే ప్రతి నర్సరీకీ చేరాలి. అందులో గుళికల మందు డబ్బా బొమ్మ కూడా వేయాలి.