వాయవ్యం మనది, ఈశాన్యం పక్కింటిది

ఇల్లు మొదలుపెట్టేటప్పుడు బోరు ఎక్కడ, సెప్టిక్ ట్యాంక్ ఎక్కడ అని మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: బోరు ఈశాన్యంలో, ట్యాంకు వాయవ్యంలో. ఒంటరి ఇంటికి ఇది బాగానే ఉంటుంది. వరసగా ప్లాట్లున్న కాలనీని ఒకసారి కాగితం మీద గీసి చూడండి. మన వాయవ్య మూలలో ప్రహరీకి అవతల ఉన్నది పడమటింటివాళ్ల ఈశాన్యం, అంటే వాళ్ల బోరు. మన బోరుకి ఆనుకుని తూర్పింటివాళ్ల ట్యాంకు. అందరూ నియమం తప్పకుండా కట్టుకున్న వీధిలోనే, ప్రతి బోరు పక్కనా ఒక మరుగుదొడ్డి గుంత ఉంటుంది!

నా గొడవ వాస్తుతో కాదు. సెప్టిక్ ట్యాంకును సొంత గోడల లోపలి వ్యవహారంగా చూడటంతోనే.

ట్యాంకు మురుగును శుద్ధి చేసేస్తుందని చాలామంది నమ్మకం. గట్టి పదార్థం అడుగున చేరి కొంతవరకు కుళ్లుతుంది, అంతే. పైనుంచి బయటికొచ్చే నీళ్లలో రోగక్రిములు అలాగే ఉంటాయి. అందుకే ఆ నీటిని సోక్ పిట్‌లో, అంటే ఇంకుడు గుంతలో, ఇంకిస్తారు. తాగునీటి బావికి ఆ సోక్ పిట్ కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతోంది. అంటే 59 అడుగులు. మన ఊళ్లలో మధ్యతరగతి కొనుక్కునేది 30x40 ప్లాటు, 133 గజాలు. దాని ఒక మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే 50 అడుగులు. ఎంత తెలివైన మేస్త్రీని పెట్టుకున్నా, ఎన్ని లక్షలు పోసినా, ఆ జాగాలో బోరూ సోక్ పిట్టూ రెండూ నిబంధన ప్రకారం పట్టవు. తప్పు ప్లాటు కొన్నవాడిది కాదు. డ్రైనేజీ లేకుండా ప్లాట్లు కోసినవాడిది, దానికి సంతకం పెట్టినవాడిది.

ఇక చాలాచోట్ల ట్యాంకు పేరుతో దింపేది అడుగు లేని సిమెంటు ఒరలు. త్వరగా నిండదు, ఖర్చు తక్కువ అని సలహా. నిండకపోవడానికి కారణం అందులోది నేలలోకి పోవడమే.

మట్టే వడగడుతుంది, తాతల కాలం నుంచీ గుంతలున్నాయి కదా అంటారు. మట్టి క్రిములను కొంత ఆపుతుంది, నిజమే. మురుగు నుంచి నీటిలో కరిగిపోయే నైట్రేట్లనే రసాయనాలను మాత్రం ఆపదు. తెలంగాణలో చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైట్ రాయి, దాని పగుళ్లలో పడిన నీరు వడపోత లేకుండానే పరుగెడుతుంది. కోనసీమలో నాలుగడుగులు తవ్వకముందే నీళ్లు తగిలే చోట్లున్నాయి. తాతల కాలంలో గజానికొక బోరు కూడా లేదు.

అసలు కోపం రావాల్సింది ఇక్కడ. లేఅవుట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు రోడ్డు వెడల్పును, పార్కు స్థలాన్ని టేపు పెట్టి కొలుస్తారు. మురుగు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు అంత పట్టింపు కనపడదు. అనుమతే లేని లేఅవుట్లకైతే ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, ఉంది. 2020లో రెండు రాష్ట్రాల్లోనూ దరఖాస్తులు తీసుకున్నారు. రుసుము కడితే ప్లాటు సక్రమం అవుతుంది, కింది నీళ్లు సక్రమం కావు. చేయాలనుకుంటే దారి లేకపోలేదు. వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే సెప్టిక్ వ్యర్థాల మీద నిబంధనలు తెచ్చింది, తర్వాత శుద్ధి కేంద్రమూ పెట్టింది. లేఅవుట్ వేసేవాడే పది, ఇరవై ఇళ్లకొక ఉమ్మడి ట్యాంకు, చివర్లో చిన్న శుద్ధి ప్లాంటు కట్టి ఇవ్వాలి. అది పూర్తయ్యాకే ప్లాట్ల రిజిస్ట్రేషన్ మొదలుకావాలి. అమ్ముకునేటప్పుడు గజానికింత అని లాభం లెక్కేసుకునేవాడికి ఇది మోయలేని ఖర్చేమీ కాదు.

అంతవరకూ ఇల్లు కట్టేవాళ్లు కొన్ని పనులు చేయొచ్చు. ప్లాను గీయించే ముందే ప్రహరీకి రెండు పక్కలా బోర్లు ఎక్కడున్నాయో అడగండి. ట్యాంకుకి అడుగు, గోడలు నీరు కారకుండా ప్లాస్టరింగ్ చేయించండి, లోపల మధ్య గోడ కట్టించండి. మూత మీద టైల్స్ వేసి మూసేయకుండా, ట్యాంకర్ పైపు అందేలా రోడ్డు వైపు ఉంచండి. రెండు మూడేళ్లకోసారి యంత్రంతోనే తోడించండి. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని దింపడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. ఇలా చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచాల్సి వచ్చిందంటే, మనం ఇంకా దింపుతున్నామనే కదా.