హీరో ఎవరో తేలకుండానే సినిమా అయిపోయిందట

మహమ్మారి మీద తీసిన సినిమాకి ముందుగా కావలసింది హీరో. వైరస్ ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎంతమంది పోయారు, మందు దొరికిందా అన్నవన్నీ తర్వాతి సంగతులు. ఈ శాస్త్రీయ సత్యాన్ని మొన్న ఆదివారం రాత్రి విజయవాడ పటమటలో, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ప్రెసిడెంటు గారు తేల్చి చెప్పారు. సినిమా కంటేజియన్. స్టీవెన్ సోడర్‌బర్గ్ 2011లో తీశాడు. 2020 మొదట్లో వూహాన్ వార్తలు రాగానే ప్రపంచమంతా మళ్ళీ వెతుక్కుని మరీ చూసింది. మావాళ్ళు మాత్రం గండం గడిచి, మాస్కులు పాతగుడ్డల్లో కలిసిపోయాక, రెండు పిల్లర్ల మధ్య తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చి తీరిగ్గా చూశారు. చూసి ఇచ్చిన తీర్పు ఒక్కటే. "ఇంతకీ హీరో ఎవరండీ?"

ఒక్కసారి అడిగి ఊరుకుంటే నేనిది రాసేవాణ్ణి కాదు. ఇంటర్వెల్లో అడిగారు (దానికి ఇంటర్వెల్ లేదు, కాఫీల కోసం మేమే పెట్టుకున్నాం). చివర్లో అడిగారు. లిఫ్టులో అడిగారు. పొద్దున్నే గ్రూపులో గులాబీ పువ్వు బొమ్మ పెట్టి, దాని కింద కూడా అదే అడిగారు. పదహారు మంది బొటనవేలు ఎత్తి సమర్థించారు.

అసలు సినిమా కన్నా ఆ సెల్లార్ చూడాల్సింది. తెర మీద షికాగో ఎయిర్‌పోర్టు బార్‌లో ఒకావిడ దగ్గుతూ కూర్చుంటుంది. ఆవిడ ముందు వేరుశనగ గింజల గిన్నె. కెమెరా వెళ్ళి ఆ గిన్నె మీద ఆగుతుంది, చంటిపిల్లాడిక్కూడా అర్థమయ్యేలా ఆగుతుంది. సరిగ్గా అప్పుడే రెండో అంతస్తు పిన్నిగారు వేడివేడి పునుగుల బేసిన్ దించారు. పక్కన అల్లం పచ్చడి, అందరికీ కలిపి ఒకటే గిన్నె. సెక్రటరీ గారు ఒక పునుగు ముంచి, సగం కొరికి, మిగతా సగం మళ్ళీ ముంచి, గిన్నె పక్కవాళ్ళకి అందించారు. ఇంతలో తెర మీద కేట్ విన్స్‌లెట్ వేసిన డాక్టరమ్మ, మనిషి రోజుకి రెండు మూడు వేలసార్లు మొహం ముట్టుకుంటాడని చెబుతోంది. "అబద్ధం! పనీపాటా లేనోడు కూడా అన్నిసార్లు ముట్టుకోడు" అంటూ సెక్రటరీ గారు మీసం దువ్వుకున్నారు, ముక్కు నలుపుకున్నారు, ఆ చేత్తోనే ఇంకో పునుగు తీసుకున్నారు. తర్వాత ఆవిడ బోర్డు మీద ఆర్ నాట్ రాసి, ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడో లెక్కగట్టి చూపించింది. పచ్చడి గిన్నె అప్పటికి నాలుగో వరస దాటింది. వెనకాల పిల్లలు "అంకుల్, అంకుల్" అని ఏదో చెప్పబోతే, కారం ఎక్కువైందేమో మంచినీళ్ళు ఇవ్వమన్నారు. మంచినీళ్ళూ ఒకటే సీసా.

"ఇలా గిన్నెలతోనూ గ్లాసులతోనూ అంటుకుంటుందా ఎక్కడైనా, అతి కాకపోతే!" అని ఒక గొంతు. ఎక్కడైనా ఎందుకండీ, కృష్ణలంకలో అంటుకుంది. 2020 ఏప్రిల్‌లో ఓ లారీ డ్రైవరు ఊసుపోక ఇరుగుపొరుగుతో పేకాట ఆడితే 24 మందికి వచ్చిందని జిల్లా కలెక్టరే చెప్పారు. మా సెల్లార్ నుంచి కృష్ణలంక ఎంత దూరం, ఆటో ఎక్కితే పావుగంట. ఈ సినిమాకి సలహాలిచ్చిన ఇయాన్ లిప్కిన్ వైరస్‌ల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. 2020 మార్చిలో ఆయనకే కోవిడ్ వచ్చింది. ఆయన కథలోని వైరస్‌ని నిపాని చూసి అల్లాడు, ఆ నిపా 2018లో కోళికోడ్ దాకా వచ్చి వెళ్ళింది. అయినా మా సెల్లార్ దృష్టిలో సినిమాకి లాజిక్ లేదు.

సరే, హీరో దగ్గరికొద్దాం. మ్యాట్ డేమన్ ఉన్నాడు కదా అన్నాను. పెళ్ళాం పోయింది, సవతి కొడుకు పోయాడు, వాడికి మాత్రం రోగం అంటదు. "మరి వాడేం చేశాడండీ? కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టి కాపలా కాశాడు. అది మేమూ చేశాం" అన్నారు. టీకా కనిపెట్టి, మనుషుల మీద పరీక్షలకి ఎన్ని నెలలు పడుతుందోనని తొడలో తనే సూది పొడుచుకున్న ల్యాబ్ డాక్టరమ్మ? "ఆవిడకి బిల్డప్ లేదు."

ఎవరికి చప్పట్లు కొట్టారో చెప్తే నమ్మరు. జూడ్ లా వేసిన బ్లాగర్‌కి. వాడు తనకి రోగం వచ్చినట్టు నటించి, ఫార్సిథియా అనే మొక్క మందుతో తగ్గిందని వీడియో పెట్టి, లక్షల డాలర్లు వెనకేసుకుంటాడు. వాడి మాట నమ్మి జనం మందుల షాపు ముందు తొక్కుకుంటారు, అద్దాలు పగలగొడతారు. తీరా రక్తం పరీక్ష చేస్తే వాడికసలు రోగమే రాలేదు. డైరెక్టర్ వాణ్ణి ఎంత నీచంగా చూపించాలో అంత నీచంగానూ చూపించాడు. మా ప్రెసిడెంటు గారు కుర్చీలోంచి సగం లేచి "అదీ, గవర్నమెంటుని నిలదీశాడు చూడు! ప్రకృతి వైద్యాన్ని తొక్కేస్తున్నారు బాబాయ్" అన్నారు. పోలీసులు పట్టుకుంటే సెల్లార్ అంతా బాధపడింది. అభిమానులే డబ్బు కట్టి విడిపిస్తే ఈలలు.

క్లైమాక్సులో గబ్బిలం కొరికిన పండు ముక్క పందిపిల్ల తింటుంది, దాన్ని కోసిన వంటవాడు చెయ్యి కడుక్కోకుండా ఏప్రన్‌కి తుడుచుకుని ఆ మొదటి ఆవిడకి షేక్ హ్యాండ్ ఇస్తాడు. "అందుకే మనవాళ్ళు నమస్కారం పెట్టమన్నారు!" అని సెక్రటరీ గారు గర్వంగా ప్రకటిస్తే, ఆ ఆనందంలో అందరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపుకున్నారు.

ఇదంతా నవ్వుకుని వదిలేద్దును. కానీ మధ్యలో కేట్ విన్స్‌లెట్ చచ్చిపోయినప్పుడు ఒకాయన "ఈ క్యారెక్టర్ వేస్ట్ అయిపోయిందండీ" అన్నాడు. రోగుల కోసం పడకలు వెతుకుతూ తిరిగిన మనిషి, అలాంటి పడక మీదే పడుండి, పక్కన చలికి వణికేవాడికి తన కోటు ఇద్దామని చెయ్యి చాపి, అందించలేక పోతుంది. తర్వాత పెద్ద గొయ్యి, వరసగా మూటలు, అందులో ఒకటి ఆవిడ. శవాలు చుట్టే సంచులు కూడా అయిపోయాయని పక్కన ఎవరో అంటుంటారు. వేస్టట!

అన్నదెవరు? 2020 మార్చి 22 సాయంత్రం అయిదు గంటలకి బాల్కనీలో నిలబడి స్టీలు పళ్ళెం సొట్టలు పడేలా కొట్టినాయన. ఆ పళ్ళెం కొట్టిన చేత్తోనే, నెల తిరక్కుండా, నాలుగో అంతస్తులో అద్దెకుంటున్న నర్సమ్మాయిని లిఫ్టు ఎక్కొద్దని కాగితం అంటించాడు. నైట్ డ్యూటీ చేసొచ్చి ఆ పిల్ల మెట్లెక్కేది. ఎవరింటి తలుపూ తెరుచుకునేది కాదు. చివరికి ఖాళీ చేసి వెళ్ళిపోయింది. హీరో కావాలా మీకు? నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు సుధాకర్ మాస్కులు లేవు మొర్రో అన్నాడు. సస్పెండ్ చేశారు. మరుసటి నెల విశాఖ నడిరోడ్డు మీద పోలీసులు చేతులు వెనక్కి విరిచి కట్టేస్తే, ఆ వీడియో ఇదే గ్రూపులోకి వస్తే, "తాగాడంట" అని రాసి ముందుకి పంపింది మీరు కాదూ? 2021 మే నెలలో గుండెపోటుతో ఆయన పోయాడు. గ్రూపులో ఎవడూ చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టలేదు. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మన ఏలూరు రోడ్డులోనే, కోవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు లేచి పదిమంది పోయారు. బిల్డప్ లేదని వాళ్ళనీ మర్చిపోయారా? రెండో వేవ్‌లో స్వర్గపురి శ్మశానానికి మన వాళ్ళని మోసింది ఎవరో ఒక్కడి పేరైనా తెలుసా మీకు? కొడుకులు గేటు బయట ఉండిపోతే ఆ కుర్రాళ్ళే లోపలికి మోశారు!

నిన్న రాత్రి గ్రూపులో ఇంకో మెసేజ్ వచ్చింది. ఫార్సిథియా అంటే వేరే ఏమీ కాదు, మన తిప్పతీగేనట, అమెరికావాడు పేరు మార్చాడట. సెక్రటరీ గారి బామ్మర్ది కషాయం కాయించి ఇస్తాడట. సీసా 350, మన అపార్ట్‌మెంట్ వాళ్ళకైతే 300. ఇప్పటికి పదకొండు ఫ్లాట్ల వాళ్ళు పేర్లిచ్చారు, ప్రెసిడెంటు గారికి రెండు సీసాలు.