‘ఇంకో అరగంటే’ గారికి ఒక విన్నపం

అయ్యా,

కొండదారులన్నింటికీ కాలమానం మీరే చూస్తున్నారు. మీ నియామకపు ఉత్తర్వును ఎవరూ చూడలేదు, మీ పదవీ విరమణ మాట ఎవరూ ఎత్తలేదు. క్యాంపు ఇంకెంత దూరమని గైడును అడిగితే ఆయన నోట మీరే వస్తారు. ఎదురుగా దిగివస్తున్నవాళ్ళను అడిగితే వాళ్ళూ మిమ్మల్నే చూపిస్తారు. నిన్న ఇదే దారిలో మిమ్మల్ని తిట్టుకుంటూ ఎక్కినవాళ్ళకు ఇవాళ ఇంత దాతృత్వం ఎక్కడినుంచి వచ్చిందో! మరో మలుపు తిరిగి మళ్ళీ అడిగితే, మళ్ళీ మీరే. ఒక్క నిమిషం కూడా తరగకుండా ఉండే మీ ఆరోగ్య రహస్యం మాకూ చెబితే బాగుండును.

మీకు పోటీదారులు లేకపోలేదు. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లోనే ఒక లెక్క కట్టాడు. మూడు మైళ్ళ నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు అదనంగా మరో గంట. ఆ ప్రకారం ఆరు మైళ్ళ దారిలో 4,000 అడుగులు ఎక్కాలంటే నాలుగు గంటలు. అది కూడా గట్టివాళ్ళకు. ఆయాసంతో బండమీద కూలబడి, బూటు విప్పి, మడమ మీది బొబ్బకు పట్టీ వేసుకుని, ఆ నెపంతో ఇంకాసేపు కూర్చునే నాలాంటివాళ్ళ సమయం అందులో లేదు. లెక్క నిక్కచ్చిగా ఉంది కాబట్టే కాబోలు, దారిలో ఎవరూ నైస్మిత్ పేరెత్తరు. మీకే మొగ్గు.

మీకు తోడుగా దొంగ శిఖరం ఒకటి. వాలు బోర్లించిన మూకుడులా ఉబ్బి ఉన్నచోట కింది నుంచి చూసేవాడికి ఆ ఉబ్బు అంచే కొండ కొసగా కనిపిస్తుంది. ఉన్న బలమంతా అక్కడికే ఖర్చుపెట్టి చేరితే, వెనకాల అసలు కొండ తాపీగా నిలబడి ఉంటుంది. మీరిద్దరూ కూడబలుక్కోలేదంటే నేను నమ్మను.

గాలి సంగతి సరేసరి. 5,500 మీటర్ల దగ్గర వాతావరణ పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి పడిపోతుంది. గాలిలో ఆక్సిజన్ వాటా అదే 21 శాతం, కానీ ఒక్కో ఊపిరికి అందేది సగమే. గాలి సగమైనప్పుడు అరగంట పావుగంట కావడం న్యాయం. మీరు మాత్రం అక్కడ మూడు గంటలకు విస్తరించారు.

ఇన్ని అన్నాను గానీ, మీ అబద్ధం లేకపోతే ఈ కొండలు సగానికి సగం ఖాళీగా ఉండేవి. ‘ఇంకా నాలుగు గంటలు’ అని ఎవరైనా నిజం చెప్పి ఉంటే నేను ఆ బండ మీదనుంచి లేచేవాణ్ణి కాదు. అరగంట కాబట్టి లేచాను. లేచాను కాబట్టి, కనుమ మీద కాలు పెట్టగానే అప్పటిదాకా దాక్కున్న అవతలి లోయంతా ఒక్కసారిగా కళ్ళముందు పరుచుకోవడం చూశాను. మేఘాలు పాదాల కింద ఉన్నాయి. అంతకంటే వింత, తలలో ఎప్పుడూ నడిచే వాదోపవాదాలు ఎప్పుడు ఆగిపోయాయో నాకే తెలియలేదు. మిగిలినవి అడుగు, రాయి, ఊపిరి. రాత్రి గుడారంలో ఉడికీ ఉడకని అన్నాన్ని మెచ్చుకుంటూ తిన్నాను. ఇంట్లో అయితే పళ్ళెం పక్కకు నెట్టేవాణ్ణి.

అందుకే మోకాళ్ళు, పిక్కలు, భుజాల తరఫున ఫిర్యాదులేవీ నమోదు చేయడం లేదు. ఒక్కచోట మాత్రం మీరు తప్పుకోవాలి. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం మొదలైన మనిషి చెవిలో మీరు పలకకూడదు. అది ఎత్తు వల్ల వచ్చే జబ్బు కావచ్చు; ఎంత కండబలం ఉన్నవాడికైనా అది రావచ్చు. 3,000 మీటర్ల పైన, పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఆగమని వైద్యులు చెప్పేది ఇందుకే. మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా మెదడులోకో ఊపిరితిత్తుల్లోకో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. అప్పుడు చేయాల్సింది వెంటనే దిగడం. అలాంటి మనిషికి ‘ఇంకో అరగంటే, వచ్చేశాం’ అని చెప్పి పైకి నడిపించడాన్ని ప్రోత్సాహం అనరు. ఆ సమయానికి మీరు సెలవు పెట్టండి. ఎవరూ జీతం కోయరు.

ఇట్లు,
మీ మాట నమ్మి ఎక్కినవాడు

తా.క.: దిగడం తేలికని చెప్పింది మీరు కాదు, మీ తమ్ముడెవరో అయి ఉంటాడు. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి కాబట్టి అసలు నొప్పి ఇల్లు చేరాకే ముదురుతుందట. ప్రస్తుతం మెట్లు వెనక్కి తిరిగి దిగుతున్నాను. ఎప్పటికి తగ్గుతుందో మిమ్మల్ని అడగబోవడం లేదు.