కోతులు ముందే చెప్పాయి

డెంగీ టీకా విషయంలో జంతు ప్రయోగాలు దండగ అనేవాళ్ల దగ్గర గట్టి కారణమే ఉంది. మామూలు ఎలుకకు డెంగీ అంటదు. కోతికి అంటుకున్నా వైరస్ కొన్నాళ్లు రక్తంలో తిరిగి పోతుంది. మనిషిలా మంచాన పడటం చాలా అరుదు. జబ్బే పడని జంతువుతో టీకా పనితనం ఎలా తేలుతుంది?

అయినా నేను కోతుల మీద ప్రయోగాల పక్షమే.

1979లో స్కాట్ హాల్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త రీసస్ కోతులకు డెంగీ యాంటీబాడీలున్న మనిషి సీరం (రక్తంలోని ద్రవభాగం) ఎక్కించి, ఆ తర్వాత వైరస్ ఇచ్చాడు. ఆ యాంటీబాడీలు లేని సీరం ఎక్కించిన కోతులకన్నా వీటి రక్తంలో వైరస్ చాలా రెట్లు పెరిగింది. కాపలా కాయాల్సిన యాంటీబాడీలే దొంగకు తలుపు తీశాయన్నమాట. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం మీద పుట్టిన యాంటీబాడీలు మరో రకాన్ని పట్టుకుంటాయి గానీ, ఒక్కోసారి దాని పని పట్టలేక తామే కణాల్లోకి మోసుకెళ్తాయి.

ఇంత తెలిసి కూడా యాంటీబాడీలు పెరిగితే చాలు, టీకా పనిచేస్తుందన్న ధీమాతోనే నడిచాం. సనోఫీ కంపెనీ డెంగీ టీకా డెంగ్వాక్సియా 2012లో థాయ్‌లాండ్ ట్రయల్‌లో ఇచ్చిన రక్షణ 30 శాతం. రెండో రకం మీద యాంటీబాడీలు బాగానే పుట్టాయి, రక్షణ మాత్రం దాదాపు లేదు. అయినా 2016 నుంచి ఫిలిప్పీన్స్‌లో 8 లక్షల మందికి పైగా పిల్లలకు ఆ టీకా వేశారు. అంతకుముందు డెంగీ రానివాళ్లకు టీకా తర్వాత సోకితే జబ్బు ముదిరే ముప్పు ఎక్కువని 2017 నవంబర్‌లో సనోఫీ కంపెనీయే ప్రకటించింది. ఆ తల్లిదండ్రుల టెన్షన్ ఊహించుకోవచ్చు.

వైరస్‌ను అడ్డుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ఇంటర్‌ఫెరాన్ పనిచేయకుండా చేసిన ఏజీ129 ఎలుకలకు డెంగీ వస్తుంది, చస్తాయి కూడా. కానీ రోగనిరోధక శక్తిలో సగం పీకేసిన ప్రాణి మీద టీకాను పరీక్షించడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

టీకా పనిచేస్తుందో లేదో మనుషుల్లోనే చూడొచ్చు. టీవీ003 అనే మరో డెంగీ టీకా వేసిన 21 మంది వాలంటీర్లకు, వేయని 20 మందికి బలహీనపరిచిన రెండో రకం వైరస్ ఇచ్చారు. వేయనివాళ్లందరి రక్తంలో వైరస్ కనిపించింది, వేసినవాళ్లలో ఒక్కరిలోనూ లేదు. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. కాబట్టి యాంటీబాడీలు లెక్కపెట్టడానికే కోతుల్ని వాడటం ఇక తగ్గించొచ్చు. అరకొర యాంటీబాడీలున్న ఒంట్లోకి అసలు వైరస్ వెళ్తే ఏమవుతుందన్న పరీక్షను మాత్రం ఏ వాలంటీర్ మీదా కావాలని చేయలేం.