రాలిన వెంట్రుకకు వోచరు

జూన్ నెల ఆఖరి వారంలో ఒక ఉదయం స్నానం ముగించి చూసేసరికి నీళ్ళు తూములోకి పోకుండా చీలమండల దాకా నిలిచి ఉన్నాయి. ప్లంబరును పిలవాలనుకుంటూనే వంగి జాలీ ఎత్తితే, దానిని పట్టుకుని ఎలుకపిల్లంత నల్లటి ఉండ ఒకటి పైకి వచ్చింది. ఇంట్లో పొడవాటి జుట్టున్నది మా శ్రీమతికీ అమ్మాయికీ గనుక నేరం వాళ్ళ మీదికి నెట్టేద్దామనే సదుద్దేశంతో ఆ ఉండను విప్పాను. అందులో ఏ వెంట్రుకా రెండంగుళాలకు మించలేదు. మా ఇంట్లో రెండంగుళాల జుట్టు ఉన్న ప్రాణిని నేనొక్కణ్ణే.

నా ఉద్యోగం ఖజానా కార్యాలయంలో. ఇరవై రెండేళ్ళుగా ఇతరుల బిల్లుల మీద అభ్యంతరాలు రాసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి, సొంత ఆస్తి కరిగిపోతున్నదని తెలిసిన మరుక్షణం నాకు ఏడుపు రాలేదు, రిజిస్టరు తెరవాలనిపించింది. ఆ సాయంత్రమే తెనాలి బజారులో రెండు వందల పేజీల పుస్తకం కొని, తేది, దిండు, దువ్వెన, తూము, మొత్తం, నిల్వ, రిమార్కులు అని గళ్ళు గీశాను. మనిషి తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయని చదివి ఉన్నందువల్ల ప్రారంభ నిల్వ 1,00,000 అని వేసుకున్నాను. మొదటి రోజు దిండు మీద 22, దువ్వెనలో 41, తూములో 143, వెరసి 206. ఈ లెక్కన ఖజానా 485 రోజుల్లో, అంటే మరుసటి ఏడాది అక్టోబరు దాటకుండానే, పూర్తిగా ఖాళీ అవుతుందని తేలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టనందువల్ల దిండు మీద తెల్లవారేసరికి 22 కాస్తా 37 అయ్యాయి.

వోచరు లేనిదే పద్దు చెల్లదన్నది మా శాఖలో మొదటి రోజే నేర్పే పాఠం. అందుచేత ఏ రోజు వెంట్రుకలను ఆ రోజు ఖాకీ కవరులో వేసి, పైన తేదీ, అంకెలు రాసి, పురుగు పట్టకుండా ఒక కర్పూరం బిళ్ళ పడేసి, పదేసి కవర్లను ఎర్ర నాడాతో కట్టగా కట్టి బీరువా మీద భద్రపరిచాను. ఇందులో దాచవలసినదేమీ ఉన్నట్టు నాకు తోచలేదు గానీ, చెప్పవలసినదీ ఉన్నట్టు తోచక ఎవరికీ చెప్పలేదు.

ఖర్చు తగ్గించే ప్రయత్నాలు కూడా చేయకపోలేదు. తలంటుకున్న రోజే ఎక్కువ రాలుతున్నదని గమనించి, ఒక వారం పాటు తలస్నానం మానేశాను. రోజుకు వందలోపే వస్తుంటే పొంగిపోయాను. ఎనిమిదో రోజున కుంకుడుకాయ రసం పోసుకుంటే, ఆ వారం రోజులూ తలలోనే ఇరుక్కుని ఉన్నవన్నీ ఒక్కసారిగా చేతిలోకి వచ్చేశాయి. ఏడాదంతా కదలని పెండింగు బిల్లులు మార్చి 31న కట్టలు కట్టుకుని కౌంటరు మీద పడడం ఇరవై రెండేళ్ళుగా చూస్తున్న నాకు ఈ సంగతి ముందే తట్టి ఉండవలసింది.

ఇక ఆఫీసులో వైద్యులకు కొదవ లేదు. ఒకాయన ఉల్లిపాయ రసం పట్టించమన్నాడు. ఒకావిడ నానబెట్టిన మెంతులు రుబ్బి పెట్టుకోమన్నది. మరొకరు కరివేపాకును కొబ్బరినూనెలో కాచమన్నారు. అనుమానం ఎందుకని మూడూ ఒకే ఆదివారం అమలు చేసి ఎండలో కూర్చుంటే, మా శ్రీమతి వంటింటి గుమ్మంలో నిలబడి కాసేపు వాసన చూసి, "ఏమండీ, ఉల్లిపాయ పడింది, మెంతులు పడ్డాయి, కరివేపాకూ పడింది. ఇక చింతపండు పిసికి పోశానంటే మీ నెత్తి మీద పులుసు తయారు" అన్నది. మా బామ్మర్ది మాత్రం ఎగతాళి చేయకుండా, "బావగారూ, ఇవన్నీ పాతకాలపువి, ఇది వేసుకోండి" అంటూ బయోటిన్ అనే విటమిన్ మాత్రల సీసా ఇచ్చి వెళ్ళాడు. ఉచితంగా వచ్చిన మందుకు గుణం ఎక్కువన్న నమ్మకంతో రోజుకొకటి మింగడం మొదలుపెట్టాను.

ఆగస్టు మొదటి వారంలో వరలక్ష్మీ వ్రతానికని మా అత్తగారు రేపల్లె దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చారు. నేను ఆఫీసుకు వెళ్ళిన తరువాత ఇత్తడి చెంబు కోసం స్టూలు వేసుకుని బీరువా మీద చెయ్యి పెట్టారు. చెంబుకు బదులు ఎర్రటి నాడాతో బిగించిన కట్ట ఒకటి చేతికి తగిలింది. విప్పి ఒక కవరును ఒళ్ళో బోర్లిస్తే, మెలికలు తిరిగిన వెంట్రుకల చుట్ట, సగం కరిగిన కర్పూరం బిళ్ళ ఒడిలో పడ్డాయి.

ఎర్ర దారం, కర్పూరం, మనిషి వెంట్రుకలు. ఆ మూడూ ఒకచోట కనబడితే మా అత్తగారి ఊళ్ళో మూడో తరగతి పిల్లవాడు కూడా ఆ పని పేరేమిటో చెబుతాడు. ఆవిడ స్టూలు మీద నుంచి దిగి, కళ్ళజోడు తెచ్చుకుని, కవరు మీది రాత చదివి, కూతుర్ని పిలిచారట. "ఎంత గుండె ధైర్యం చూడవే! దిండులో 22, తూములో 143 అని ఎక్కడెక్కడ ఎన్ని పెట్టారో అంకెలతో సహా రాసుకున్నారు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ముప్పై ఎనిమిది రోజుల నుంచి మీ ఆయన మీద చేతబడి జరుగుతోందమ్మా! అందుకే అల్లుడుగారి జుట్టు అలా ఊడిపోతోంది." ఆ వాదనలో తప్పు ఎక్కడుందో ఆ క్షణాన మా శ్రీమతికి కూడా తట్టలేదట. కారణాన్ని కార్యం చేసి, కార్యాన్ని కారణం చేసినా, రెండు కొసలూ అంత చక్కగా కలిసిపోయాయి మరి.

స్కూటరు నిలుపుకొనే చోటు గురించి మాకూ ఎదుటి ఫ్లాటువాళ్ళకూ ఆ మధ్య చిన్న మాట పట్టింపు వచ్చింది. దర్యాప్తు అటువైపు నడవడానికి అంతకన్నా ఆధారం అక్కరలేకపోయింది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి, ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరిని అంటున్నారో మాత్రం అందరికీ తెలిసేటట్టు పావుగంట మాట్లాడి, ఆ తరువాత ముప్పై ఎనిమిది కవర్లనూ ఒక పాత రంగుడబ్బాలో వేసి మేడ మీదికి తీసుకువెళ్ళారు. దిష్టి తీయడానికని గుప్పెడు రాళ్ళుప్పు, ఇరవై ఎండుమిరపకాయలు పైన వేసి నిప్పంటించారు.

వెంట్రుక కాలితే వచ్చే కంపు దానిలోని మాంసకృత్తుల్లో ఉన్న గంధకం వల్ల వస్తుందని తరువాత మా అమ్మాయి రసాయనశాస్త్రం పుస్తకం చూపించి చెప్పింది. అప్పటికి మాత్రం ఆ గంధకమూ, మిరపకాయల ఘాటూ కలిసి మెట్ల దారిన అయిదు అంతస్తులూ దిగివచ్చాయి. కరెంటు తీగలు కాలుతున్నాయనుకున్న వాచ్‌మన్ సమయస్ఫూర్తితో మెయిన్ ఆపేశాడు. అపార్టుమెంటు సంఘం అధ్యక్షులు ఆ సమయానికి లిఫ్టులో మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఉన్నారు.

నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కనిపించిన దృశ్యం ఇది: మెట్ల నిండా ముక్కులకు చెంగులు అడ్డుపెట్టుకుని దగ్గుతున్న జనం, లిఫ్టులోంచి అధ్యక్షులవారి కేకలు, మేడ మీద పొగ, ఆ పొగలోంచి విజయగర్వంతో దిగివస్తున్న మా అత్తగారు. "అంతా బూడిదైపోయింది, అల్లుడుగారూ. మీకిక భయం లేదు" అని ఆవిడ డబ్బా చూపించారు. అడుగున సగం కాలిన కవరు మీద నా చేతిరాతే ఉంది. ఆ అంకెల కింద, అలవాటు కొద్దీ, నా పొట్టి సంతకం కూడా ఉంది.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను ఎప్పుడూ ఇంత మంది ముందు సంజాయిషీ ఇచ్చుకోలేదు. ఆ వెంట్రుకలు నావే, రాల్చిందీ నా తలే, లెక్కపెట్టి కవర్లలో పెట్టిందీ నేనే అని మెట్ల మీద నిలబడి ఒప్పుకున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరుకు ఎదుటి ఫ్లాటావిడే, "అంటే అన్నయ్యగారూ, దిండు మీదవీ తూములోవీ విడివిడిగా లెక్కపెడతారా?" అని అడిగింది. విడివిడిగానే అన్నాను. మిరపకాయల ఘాటుకు అందరి కళ్ళలోనూ అప్పటికే నీళ్ళు ఉన్నందువల్ల ఎవరు నవ్వుతున్నారో, ఎవరు బాధపడుతున్నారో తెలుసుకునే వీలు లేకపోయింది. నా బాధ మాత్రం వేరు. ముప్పై ఎనిమిది రోజుల పద్దుకు ఒక్క వోచరు మిగల్లేదు.

మరునాడు మా శ్రీమతి నన్ను గుంటూరులో ఒక చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆవిడ నా రిజిస్టరు మొదటి పేజీ చదివి, కలం కింద పెట్టి, నా జుట్టులోంచి యాభై అరవై వెంట్రుకల పాయ ఒకటి రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగారు. తొమ్మిది ఆవిడ చేతిలోకి వచ్చాయి. వాటిని ఏ గడిలో రాయాలని నేను అడగలేదు గానీ, అడగబోతున్నట్టు ఆవిడకు తెలిసిపోయింది. ఒక వెంట్రుకను దీపం ముందు పెట్టి, కొసన ఆవగింజలో పదో వంతు ఉన్న తెల్లటి బుడిపెను చూపించారు. అది చూసే నేను ఇన్నాళ్ళూ వేళ్ళతో సహా ఊడిపోతున్నాయని బెంగపడ్డాను. అది వేరు కాదనీ, పనిచేయడం మానేసి విశ్రాంతికి చేరిన వెంట్రుకకు చివర అలాగే ఉంటుందనీ, అసలు కుదురు చర్మం లోపల భద్రంగానే ఉందనీ ఆవిడ చెప్పారు. ఎవరికైనా రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం మామూలేనట. తరువాత, "రాలడం మొదలు కావడానికి రెండు మూడు నెలల ముందు ఏం జరిగింది?" అని అడిగారు.

ఏం జరిగిందా? మార్చి జరిగింది. సర్వరు మొరాయించడం, మూడు రాత్రులు ఆఫీసు బల్లల మీద పడుకోవడం, పొద్దున్నా సాయంత్రం మిరపకాయ బజ్జీలతో కడుపు నింపుకోవడం, ముప్పై ఒకటో తేదీ అర్ధరాత్రి దాకా కాంట్రాక్టర్ల శాపనార్థాలు, ఇంటికొస్తే అమ్మాయి ఇంటర్ పరీక్షలు. పెద్ద ఒత్తిడి వచ్చినప్పుడు పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒకేసారి విశ్రాంతి దశలోకి పోతాయనీ, అక్కడ సుమారు మూడు నెలలు ఉండి తరువాత మూకుమ్మడిగా రాలతాయనీ, దీనిని టెలోజెన్ ఎఫ్లూవియమ్ అంటారనీ ఆవిడ వివరించారు. "అంటే మూడు నెలల నోటీసు ఇచ్చి మరీ రాజీనామా చేశాయన్నమాట" అన్నాను. "అంతే. పోస్టులు రద్దు కాలేదు, ఖాళీలు మాత్రమే ఏర్పడ్డాయి. ఆరు నెలలు ఓపిక పట్టండి, అవే భర్తీ అవుతాయి" అన్నారు. ప్రభుత్వ శాఖలో పనిచేసేవాణ్ణి కావడం వల్ల ఆ మాట నాకు బొత్తిగా నమ్మబుద్ధి కాలేదు.

మినాక్సిడిల్ రాసుకోమంటారా అని అడిగితే, నా విషయంలో ప్రస్తుతానికి దాని అవసరం లేదన్నారు. అది మొదట రక్తపోటు తగ్గించడానికి వచ్చిన మందేననీ, వాడినవాళ్ళకు అనుకోని చోట్లల్లా వెంట్రుకలు మొలవడం చూసి తల మీదికి మళ్ళించారనీ అప్పుడే తెలిసింది. ఒక పద్దు కింద మంజూరైన నిధిని మరో పద్దుకు మళ్ళించడాన్ని నేను హర్షించడం జీవితంలో అదొక్కసారే.

రక్తపరీక్షలు రాశారు. ఫలితాల్లో ఐరన్ నిల్వలు బాగానే ఉన్నా, థైరాయిడ్ అంకెలు తలకిందులుగా వచ్చాయి. థైరాయిడ్‌ను పురమాయించే టీఎస్‌హెచ్ అడుగంటింది, థైరాయిడ్ తయారుచేసే టీ4 ఆకాశాన్ని అంటింది. ఆ రాత్రంతా ఫోనులో చదివి, నాకు లేని లక్షణాలను కూడా తెల్లవారేసరికి తెచ్చుకున్నాను. కాగితం చూసిన డాక్టరుగారు ముందుగా, "మీరు బయోటిన్ గాని వేసుకుంటున్నారా?" అని అడిగారు. బామ్మర్ది సీసా జేబులోంచి తీశాను. ఒక్కో మాత్ర 10 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములే నట. అక్కడే మనసులో భాగహారం చేశాను: ఒక్క మాత్రలో 333 రోజుల పడి, అంటే రోజూ ఉదయం కాఫీ తాగిన వెంటనే పదకొండు నెలల రేషను ఒకేసారి మింగుతున్నాను. అది అంతగా ఉంటే కొన్ని రకాల రక్తపరీక్షలు దారి తప్పి, లేని థైరాయిడ్ జబ్బును చూపిస్తాయట. మాత్రలు మాని, వారం తరువాత మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకెలన్నీ బుద్ధిగా తమ తమ స్థానాల్లోకి వచ్చాయి. సీసాను బామ్మర్దికి రసీదు తీసుకుని మరీ తిరిగి ఇచ్చేశాను.

నవంబరులో మా మంగలి అద్దం వెనక్కి పట్టి, "సార్, కొత్త నారు వచ్చింది" అన్నాడు. నుదుటి పైన అంగుళం కన్నా పొట్టి వెంట్రుకలు, కోత అయిన చేలో వరిదుబ్బుల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున సంక్రాంతి నాటికి అవి వంగి, దువ్వెనకు లొంగే స్థితికి వచ్చాయి. పండుగకు రేపల్లె వెళ్ళినప్పుడు మా అత్తగారు నా తలను అన్ని వైపుల నుంచీ తృప్తిగా చూసి, "స్వామి మాట నిలబెట్టుకున్నాడు, అల్లుడుగారూ. ఇక మనం నిలబెట్టుకోవాలి" అన్నారు.

మేడ మీద కవర్లు కాల్చిన రోజునే, నా జుట్టు నాకు దక్కితే తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని ఆవిడ మొక్కుకున్నారట. మంజూరు చేసే అధికారం లేనివారు ఒకరి ఆస్తి మీద మరొకరికి హామీ ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని నేను అభ్యంతరం రాయబోయాను. మా శ్రీమతి ఒక్క చూపు చూసింది. ఫిబ్రవరిలో కల్యాణకట్టలో టోకెనూ బ్లేడూ పట్టుకుని కూర్చున్నాను. తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది. నా రెండంగుళాలు ఎంత వెతికినా అట్టడుగు రకానికే చేరతాయని తెలిసి కొంచెం చిన్నతనంగా అనిపించింది. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. మా అత్తగారు చందనం పూస్తూ, "గుండు కొట్టిస్తే ఇంకా ఒత్తుగా వస్తుంది" అన్నారు. కత్తి చర్మం పైన ఉన్నదాన్నే కోస్తుంది తప్ప లోపలి కుదురును తాకదని డాక్టరుగారు చెప్పిన మాట నోటిదాకా వచ్చింది గానీ, ఎండుమిరపకాయలు గుర్తుకొచ్చి ఊరుకున్నాను.

తెనాలి చేరిన రాత్రి, ఆగస్టు నుంచి మూలపడి ఉన్న రిజిస్టరును బయటికి తీశాను. నిల్వ గడిలో సున్నా వేసి, రిమార్కుల గడిలో ‘మొత్తం శ్రీవారి ఖాతాకు బదిలీ’ అని రాసి, కింద పొట్టి సంతకం చేశాను.