మహారాజశ్రీ ఐఎఫ్‌పీ గారి దివ్యసముఖానికి

పదో తరగతి లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ గోడ మీద క్షేమమేనని, యూపీఎస్ మాత్రం కాదని నిన్న రెండో పీరియడ్లో తెలిసింది.

నల్లబల్ల చోట గోడకెక్కిన తెర తమరు. తమరి పూర్తి పేరు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ అని స్టాకు రిజిస్టర్లో రాసుకున్నాం. పిల్లలకు అంత ఓపిక లేదు, ‘పెద్ద ఫోను’ అంటారు. సిమ్ము ఎక్కడేస్తారు సార్ అని మొదటిరోజే ఒకడు అడిగాడు.

తమరి కన్నా ముందు మా బళ్ళకేసి ఎవరూ తొంగిచూడలేదనుకునేరు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికావాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరివాళ్ళకు. గడువు తీరగానే ఉపగ్రహం ఎవరిది వాళ్ళు పట్టుకుపోయారు. తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, కొన్ని పటాలు ఉండాలన్నదే దాని కోరిక. అంటే ఉపగ్రహం ముందొచ్చి, బల్ల పన్నెండేళ్ళు వెనక నడిచొచ్చిందన్నమాట. 2004లో మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది, అచ్చంగా చదువు కోసమే. ఆకాశం నుంచి పాఠాలు దిగుతూనే ఉన్నాయి. మా గది కిటికీకి గొళ్ళెం మాత్రం ఇంకా దిగలేదు.

తమరి గొప్పంతా ముట్టుకుంటే పలకడంలో ఉంది కదా. ఆ కిటుకు నేనూ చదివాను. తమరి చట్రం చుట్టూ కంటికి కనపడని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి. వేలు అడ్డొస్తే ఎక్కడ తెగాయో చూసుకుని చోటు పోల్చుకుంటారు. అది వేలా, డస్టరా, బల్లియా అన్న పట్టింపు లేదు. పోయిన శుక్రవారం పైథాగరస్ చెబుతుండగా ట్యూబులైటు వెనకనుంచి నిజంగానే బల్లి దిగింది. ఎర్ర పెన్ను ఎంచుకుని ఉన్నానేమో, కర్ణం మీదుగా అది పాకినంత మేరా పొట్ట కింద ఎర్ర గీత సాగింది. క్లాసంతా బెంచీలెక్కేసింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పైథాగరస్‌కి అంత ఆదరణ చూడలేదు.

ఇక తమరి క్విజ్జు. ఒప్పు నొక్కితే చప్పట్లు, రంగు బుడగలు. తప్పు నొక్కితే ‘టొయ్ఁ’. చప్పట్ల కన్నా టొయ్ఁ బావుందని వెనక బెంచీవాళ్ళు ఒక్క రోజులో తేల్చేశారు. గురి తప్పకుండా తప్పు నొక్కాలంటే ముందు ఒప్పేదో తెలియాలి కదా! అందుకని బెంచీ కింద లెక్క చేసుకుని మరీ తప్పు నొక్కుతున్నారు. తమరి రిపోర్టులో మాత్రం వాళ్ళు ‘వెనుకబడిన విద్యార్థులు’.

నిజం చెప్పొద్దూ, తమరు రాకముందు నేనూ ఇంటరాక్టివే. ‘అర్థమైందా?’ అనేవాణ్ణి. ‘అయింది సాఆఆర్’ అని నలభై గొంతులు ఒకే శ్రుతిలో లేచేవి. ఇన్నాళ్ళూ ఆ కోరస్‌కే జీతం తీసుకున్నాను. తమరు అదే ప్రశ్నకు రెండు బటన్లు పెట్టారు. ‘అవును’ పచ్చగా, అరచేయంత. ‘కాదు’ బూడిదరంగులో, చింతగింజంత. కాదంటే వీడియో మళ్ళీ మొదటినుంచి, ఆరున్నర నిమిషాలు. ఎవడు నొక్కుతాడండీ?

మూడో బెంచీలో కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చుంటుంది. నోరు విప్పదు. లెక్క అందకపోతే పెన్ను క్యాపు కొరుకుతుంది, అందగానే క్యాపు తీసి పెన్నుకు పెట్టేస్తుంది. ఆ క్యాపు నోట్లోకి పోయిందంటే నేను రెండు మెట్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలెడతాను. తమరిని తెరవడానికి ఓటీపీ కోసం ఫోనుకేసి చూస్తూ నిలబడ్డప్పుడు మాత్రం నాకు ఆ క్యాపు కనపడదు.

తమరి వారసులు ఆ కొరతా తీరుస్తారట. 2018లో చైనాలోని హాంగ్‌ఝౌలో ఒక హైస్కూల్లో కెమెరాలు పెట్టి, 30 సెకన్లకోసారి పిల్లల మొహాలు చదివించారు. సంతోషం, కోపం, భయం, ఆశ్చర్యం అని గడులు కట్టి మరీ. మా దగ్గరికొస్తే నాకు లాభమే. మధ్యాహ్న భోజనంలో గుడ్డున్న రోజు పన్నెండు గంటల పీరియడ్లో మొహాలన్నీ వెలుగుతుంటాయి, ఆ పుణ్యం నా త్రికోణమితి ఖాతాలో పడుతుంది. క్యాపు కొరికే పిల్లను ఏ గడిలో వేస్తారో మరి. ఆకలి అనుకుంటారేమో!

ఏఐ టీచరంటే మాత్రం నాకు లోలోపల ఆశే. అడిగిందే పదకొండోసారి అడిగినా విసుక్కోదట. నేను మూడోసారికే విసుక్కుంటాను, దాచుకోవడం దేనికి? కాకపోతే శ్రీకాకుళం పిల్లాడు అడిగినా, మదనపల్లె పిల్ల అడిగినా దానికి ఒక్కలాగే బోధపడాలి. పుస్తకాల తెలుగులో అడిగే పిల్లాడు నాకింతవరకు తగల్లేదు.

కావున తమరిని వేడుకునేది ఏమనగా, ఆ ‘కాదు’ బటన్ను కనీసం రేగుపండంత చేయండి. నొక్కినవాడికి శిక్షగా వీడియో వేయకుండా, ఎక్కడ తెగిందని అడగండి. ఓటీపీ సంగతి తమరి చేతుల్లో లేదని తెలుసు, అయినా ఒక మాట వేసి చూడండి.

ఇట్లు,
జేబులో ఎందుకైనా మంచిదని చాక్‌పీసు పెట్టుకు తిరిగే
తమరి విధేయుడు

తా.క.: లంచ్ బెల్లు కొట్టాక ఖాళీ క్లాసులో కూర్చుని ఇది రాస్తున్నాను. తమరి మీద పొద్దుటి క్విజ్జు అలాగే ఉంది. బల్లి మళ్ళీ దిగి, అటూ ఇటూ చూసి, సరిగ్గా ‘బి’ మీద కాలు మోపింది. తమరు చప్పట్లు కొట్టి, బుడగలు వదిలి, దాన్ని తర్వాతి ప్రశ్నకు పంపించారు.