ఈ డెవలపర్ పొడితో వేగలేకపోతున్నా

బెజవాడలో ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కడుక్కునేవాళ్లమే కొద్దిమందిమి. ఆ కొద్దిమందినీ ప్రశాంతంగా ఉండనివ్వరు. ఒకప్పుడు ఫిల్మ్ మీద బొమ్మ తేల్చే ఈ డెవలపర్ ప్యాకెట్ చింపితే పొడి తెల్లగా, పొడిపొడిగా జారేది. ఇప్పుడు మూలల్లో గడ్డకట్టి, గోధుమ రంగు తిరిగి వస్తోంది. కలిపితే టీ డికాషనే! పైన తేదీ భేషుగ్గా ఉంటుంది, లోపల బొమ్మ తేల్చే అసలు మందు, హైడ్రోక్వినోన్, గాలి తగిలి ఎప్పుడో చచ్చి ఉంటుంది. నెగెటివ్ వెలుతురుకి పెడితే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఒక్కటీ ఆనవు.

షాపాయన్ని అడిగితే "ఎండలకి అంతేనండీ, వాడెయ్యండి" అంటాడు. ధరకి మాత్రం ఏ ఎండా తగలదు!

పోనీ మనమే కలుపుకుందామా? డి-76 అనే పాత డెవలపర్ పాళ్లు అందరికీ తెలిసినవే: లీటరుకి మెటోల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. కానీ మూత సరిగా లేని డబ్బాలో సల్ఫైట్ మెల్లగా పనికిరాని సల్ఫేట్ అయిపోతుంది. చూస్తే తెలిసి చావదు, రెండూ తెల్లపొడులే. దీనికితోడు మే నెలలో నీళ్లు 20 డిగ్రీలుండాలట! మా కుళాయి నీళ్లకి చెయ్యి చురుక్కుమంటుంది. ఐసు తెచ్చి, థర్మామీటర్ పట్టుకుని కాపలా కాసినా, పొడే పనికిరానిదైతే ఆ ఐసు ఎవరి నెత్తిన పెట్టుకోను?